లినక్స్‌లో సంగీతం: ఆలస్యం వేరు, తడబాటు వేరు

దాదాపు ఇరవై ఏళ్లపాటు విడి ప్యాచ్‌గా తిరిగిన రియల్‌టైమ్ ప్రీఎంప్షన్ (తక్షణం చేయాల్సిన పని కోసం నడుస్తున్న పనిని మధ్యలో ఆపే పద్ధతి), అంటే ప్రీఎంప్ట్ ఆర్‌టీ, 2024 నవంబరులో వచ్చిన లినక్స్ 6.12తో ప్రధాన కెర్నల్‌లో, అంటే లినక్స్ మూల ప్రోగ్రాంలో, భాగమైంది. దాంతో లినక్స్‌లో రికార్డింగుకు ఇక అడ్డేమీ లేదన్న మాట వినిపించడం మొదలైంది. ఆర్‌టీ కెర్నల్ వేసుకున్నా కీబోర్డు నొక్కిన కాసేపటికే శబ్దం వస్తోందన్న ఫిర్యాదూ దాని వెనకే వచ్చింది. ఆ మాటలో కొంత నిజముంది. ఈ ఫిర్యాదులోనూ ఉంది. చిక్కెక్కడంటే, మూడు వేర్వేరు రోగాలను ఒకే పేరుతో పిలిచి, దొరికిన మందులన్నీ ఒకేసారి మింగేయడంలో. ఏ సెట్టింగ్ ఏ రోగానికో విడదీసి చూస్తే సగం గందరగోళం అక్కడే తీరుతుంది.

లేటెన్సీ, జిట్టర్, ఎక్స్‌రన్

లేటెన్సీ అంటే ఆలస్యం. మీట నొక్కిన క్షణానికీ శబ్దం చెవిని చేరిన క్షణానికీ మధ్య దూరం. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి 10 మిల్లీసెకన్ల లేటెన్సీ అంటే స్పీకరు మూడున్నర మీటర్ల దూరాన ఉన్నట్టే. వేదికమీద వాద్యకారులు అంతంత దూరాల్లో నిలబడి వాయిస్తూనే ఉంటారు. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే చేతులు దానికి కొంతవరకు అలవాటు పడతాయి.

జిట్టర్ అంటే తడబాటు. ఆలస్యం ఒక స్వరానికి 5 మిల్లీసెకన్లు, తర్వాతిదానికి 19, ఆ తర్వాత 8 అయితే అది జిట్టర్. దీనికి చేతులు అలవాటు పడలేవు, అలవాటు పడటానికి అక్కడ నిలకడైనదేమీ లేదు కనుక. వినేవాడికి లయ ఎక్కడో జారుతున్నట్టు అనిపిస్తుంది, ఎక్కడో చెప్పలేడు.

ఎక్స్‌రన్ అంటే గడువు తప్పడం. సౌండ్ కార్డు తర్వాతి ముక్క అడిగే వేళకు సాఫ్ట్‌వేర్ దాన్ని సిద్ధం చేయలేకపోతే అండర్‌రన్. మైకు నుంచి వచ్చిన ముక్కను సమయానికి తీసుకోకపోతే ఓవర్‌రన్. రెండింటికీ కలిపి ఎక్స్‌రన్ అంటారు. చెవికి అది టిక్కుమన్న చప్పుడుగానో, చిన్న తెగుడుగానో వినిపిస్తుంది.

ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడినవే, కానీ ఒకటి తగ్గితే మిగతావి తగ్గుతాయన్న హామీ లేదు. చాలాసార్లు ఒకదాన్ని తగ్గిస్తే మరొకటి పెరుగుతుంది.

బఫర్ లెక్క

సౌండ్ కార్డుకు శబ్దం ధారగా కాకుండా ముక్కలుగా అందుతుంది. ఒక్కో ముక్కను ఆల్సాలోనూ (కెర్నల్‌లోని సౌండ్ డ్రైవర్ల వ్యవస్థ) జాక్‌లోనూ పీరియడ్ అంటారు, పైప్‌వైర్‌లో క్వాంటమ్ అంటారు. జాక్, పైప్‌వైర్ రెండూ ప్రోగ్రాంల శబ్దాన్ని కార్డుకు చేర్చే సౌండ్ సర్వర్లు. దాని పరిమాణాన్ని ఫ్రేమ్‌లలో చెబుతారు. శాంపుల్ అంటే ఒక క్షణంలో శబ్దం కొలత. స్టీరియోలో ఎడమ, కుడి శాంపుళ్ల జత కలిపి ఒక ఫ్రేమ్. ఫ్రేమ్‌ల సంఖ్యను శాంపుల్ రేటుతో, అంటే సెకనుకు ఎన్ని కొలతలన్న అంకెతో, భాగిస్తే సమయం వస్తుంది. 48,000 హెర్ట్జ్ దగ్గర 64 ఫ్రేమ్‌లంటే 1.33 మిల్లీసెకన్లు, 128 అంటే 2.67, 256 అంటే 5.33, 1024 అంటే 21.33.

కార్డు ఒక ముక్కను వాయిస్తుండగా సాఫ్ట్‌వేర్ తర్వాతి ముక్కను నింపాలి కాబట్టి కనీసం రెండు పీరియడ్‌లు కావాలి. ఈ ముక్కలు వేచి ఉండే చోటు బఫర్; వాడుకలో ఒక ముక్క పరిమాణాన్నీ బఫర్ అనే అంటారు. 128 ఫ్రేమ్‌లు, 2 పీరియడ్‌లు అన్న అమరికలో గిటారు వాయించి హెడ్‌ఫోన్‌లో విన్నప్పుడు బఫర్ల వల్లే 5.33 మిల్లీసెకన్లు పోతాయి. దీనికి శబ్దాన్ని అంకెలుగా, అంకెలను శబ్దంగా మార్చే కన్వర్టర్లు, యూఎస్‌బీ డ్రైవరు తమ వంతు కలుపుతాయి. అందుకే తెరమీద కనిపించే లేటెన్సీ అంకెను నమ్మేయకూడదు. ఇంటర్‌ఫేస్ (మైకు, గిటారు కలిపే బయటి సౌండ్ కార్డు) అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు ఒక కేబుల్ పెట్టి జాక్-ఐఓడిలే అనే ప్రోగ్రాం నడిపితే వెళ్లి తిరిగి వచ్చిన అసలు సమయాన్ని ఫ్రేమ్‌లలో చూపిస్తుంది. యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లలో ఈ కొలత కాగితం లెక్క కంటే కొన్ని మిల్లీసెకన్లు ఎక్కువ రావడం మామూలే.

ఇక్కడే ఒక ప్రత్యామ్నాయం గురించి చెప్పుకోవాలి. శాంపుల్ రేటును 96,000 చేస్తే అదే 128 ఫ్రేమ్‌లు 1.33 మిల్లీసెకన్లే. అయితే సెకనుకు లెక్కించాల్సిన శాంపుళ్లూ రెట్టింపవుతాయి, గడువు సగమవుతుంది. 48,000 దగ్గర 64 ఫ్రేమ్‌లు పెట్టినా దక్కే ఆలస్యం అంతే, పని మాత్రం తక్కువ. ఆలస్యం తగ్గించుకోవడానికే రేటు పెంచడం నా దృష్టిలో ఖరీదైన దారి.

ఆర్‌టీ కెర్నల్ ఏం చేస్తుంది, ఏం చేయదు

పై లెక్కలో కెర్నల్ పేరే రాలేదని గమనించండి. 256 ఫ్రేమ్‌ల బఫర్ ఏ కెర్నల్‌లోనైనా 5.33 మిల్లీసెకన్లే. ఆర్‌టీ కెర్నల్ ఆ అంకెను ఒక్క మైక్రోసెకను కూడా తగ్గించదు. అది చేసేది వేరు. శబ్దం లెక్కకట్టాల్సిన థ్రెడ్‌ను (ప్రోగ్రాంలో విడిగా నడిచే ఒక పనివరుసను) నిద్రలేపాల్సిన క్షణానికీ అది నిజంగా లేచిన క్షణానికీ మధ్య జరిగే అతిపెద్ద జాప్యానికి హద్దు పెడుతుంది.

మామూలు కెర్నల్‌లో డిస్కు, నెట్‌వర్కు, గ్రాఫిక్స్ డ్రైవర్లు స్పిన్‌లాక్ (ఉమ్మడి డేటాకు వేసే తాళం) పట్టుకున్నంతసేపు ఆ కోర్‌మీద మరో పనిని రానివ్వవు. ఇంటరప్ట్ హ్యాండ్లర్ (పరికరం పిలుపుకు స్పందించే కోడ్) మొదలైతే ముగిసేదాకా నడుస్తుంది. సగటు చూస్తే ఇవన్నీ చాలా చిన్నవి. కానీ శబ్దం విషయంలో సగటు పనికిరాదు. లక్షసార్లు సమయానికి లేచి ఒక్కసారి లేవకపోయినా ఆ ఒక్కటి చెవికి తెలుస్తుంది. ఆర్‌టీ కెర్నల్ చాలా స్పిన్‌లాక్‌లను మధ్యలో ఆపగలిగే లాక్‌లుగా మారుస్తుంది, ఇంటరప్ట్ హ్యాండ్లర్లను ప్రయారిటీ ఉన్న థ్రెడ్‌లుగా చేస్తుంది, తక్కువ ప్రయారిటీ థ్రెడ్ లాక్ పట్టుకుని కూర్చుంటే దానికి తాత్కాలికంగా ప్రయారిటీ అరువిచ్చి త్వరగా వదిలిస్తుంది.

ఉదాహరణకు ఒక యంత్రంలో సైక్లిక్‌టెస్ట్ అనే పరీక్ష నడిపారనుకుందాం. ఆర్‌టీ-టెస్ట్స్ అనే ప్యాకేజీలో వచ్చే ఈ ప్రోగ్రాం థ్రెడ్ ఎంత ఆలస్యంగా లేచిందో మైక్రోసెకన్లలో కొలుస్తుంది. గరిష్ఠం 1,900 వచ్చిందనుకోండి. 64 ఫ్రేమ్‌ల పీరియడ్ 1,333 మైక్రోసెకన్లే కాబట్టి అక్కడ ఎప్పుడో ఒకసారి ఎక్స్‌రన్ తప్పదు. అదే యంత్రం 256 ఫ్రేమ్‌లతో, అంటే 5,333 మైక్రోసెకన్ల గడువుతో, హాయిగా నడుస్తుంది. ఇప్పుడు ఆర్‌టీ కెర్నల్ వేశాక గరిష్ఠం 80కి పడిపోతే, బఫర్‌ను 64కు తగ్గించే వీలు దొరుకుతుంది. తగ్గించే పని మాత్రం మీరే చేయాలి. కెర్నల్ మార్చి బఫర్ 1024 దగ్గరే వదిలేసినవారికి తేడా వినపడకపోవడంలో వింతేమీ లేదు. ఈ పరీక్షను ఖాళీగా ఉన్న యంత్రంమీద నిమిషంపాటు నడిపి సంబరపడొద్దు. పెద్ద ఫైళ్లు కాపీ చేస్తూ, బ్రౌజరులో వీడియో ఆడిస్తూ కనీసం గంట నడిపితేనే చెడ్డ అంకె బయటపడుతుంది.

మరి ఆర్‌టీ కెర్నల్ అవసరమా? దీనిమీద అనుభవజ్ఞుల్లోనూ రెండు అభిప్రాయాలున్నాయి. మామూలు కెర్నల్‌కే బూట్ సమయంలో ప్రీఎంప్ట్ విలువను ఫుల్ అని, దాంతోపాటు ఇంటరప్ట్‌లను థ్రెడ్‌లుగా మార్చే థ్రెడ్‌ఐఆర్‌క్యూస్ అన్న మాటను ఇస్తే 128 ఫ్రేమ్‌ల దాకా చాలా యంత్రాలు నిలబడతాయనేది ఒక వాదన. సగటు వేగం కాస్త తగ్గడం, కెర్నల్‌తోపాటు కాకుండా విడిగా వచ్చే గ్రాఫిక్స్ డ్రైవర్లు ఆర్‌టీతో పేచీ పెట్టడం అటువైపు తూకం. ప్రత్యక్ష ప్రదర్శనలో ఒక్క టిక్కు కూడా కుదరదు, గరిష్ఠ హద్దే ముఖ్యం అనేది రెండో వాదన. ఇంట్లో మిక్సింగ్ చేసేవారికి మొదటిది చాలు. వేదికమీద సాఫ్ట్ సింథ్ (కంప్యూటరులోనే శబ్దం పుట్టించే వాద్య ప్రోగ్రాం) వాయించేవారికి రెండోదానిలో బలముంది. ఒకటి మాత్రం నిజం, 6.12 తర్వాత ప్యాచ్ కోసం వెతుక్కునే శ్రమ లేదు. కెర్నల్‌ను కంపైల్ చేసేటప్పుడు ఆ ఎంపిక అక్కడే ఉంటుంది. డిస్ట్రో (మీరు వాడే లినక్స్ పంపిణీ) మీకిచ్చిన కెర్నల్‌లో అది ఆన్ చేసి ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న. యూనేమ్ కమాండుకు హైఫన్ వీ కలిపి నడిపితే వచ్చే వరుసలో ప్రీఎంప్ట్ ఆర్‌టీ అన్న పేరు కనిపిస్తే ఉన్నట్టు.

అనుమతి లేని ప్రయారిటీ

కెర్నల్ ఎంత గొప్పదైనా, శబ్దం నడిపే థ్రెడ్‌కు రియల్‌టైమ్ ప్రయారిటీ దక్కకపోతే అంతా వృథా. లినక్స్‌లో మామూలు ప్రోగ్రాంలు కాలాన్ని పంచుకుంటాయి. షెడ్-ఫిఫో అనే తరగతిలోకి వచ్చిన థ్రెడ్ మాత్రం 1 నుంచి 99 వరకు ఉన్న తన అంకెను బట్టి మిగతావాటిని పక్కకు నెట్టి ముందు నడుస్తుంది. ఈ తరగతిలోకి ఎవరినిపడితే వారిని రానివ్వరు, ఎందుకంటే అనంత చక్రంలో పడిన ఫిఫో థ్రెడ్ ఒక కోర్‌ను మింగేస్తుంది.

అనుమతి రెండు దారుల్లో వస్తుంది. మొదటిది ఆర్‌టీకిట్ అనే సేవ. అడిగిన ప్రోగ్రాంకు ఇది మామూలుగా 20 వరకే ప్రయారిటీ ఇస్తుంది, నిద్రపోకుండా అతిగా నడిస్తే వెనక్కి లాక్కుంటుంది. రోజువారీ వాడుకకు అది సరిపోతుంది. రెండోది లాగిన్ వేళ వాడుకదారుకు హద్దులు పెట్టే పామ్ లిమిట్స్. సిస్టం సెట్టింగ్స్ ఫోల్డర్‌లో సెక్యూరిటీ కింద ఉండే లిమిట్స్ ఫైలులో ఆడియో గ్రూపుకు ఆర్‌టీప్రయో 95, మెమ్‌లాక్ అన్‌లిమిటెడ్ అని రెండు వరుసలు రాసి, వాడుకదారును ఆ గ్రూపులో చేర్చాలి. కొన్ని డిస్ట్రోలలో గ్రూపు పేరు రియల్‌టైమ్ అని ఉంటుంది. అక్కడ ప్యాకేజీ వేస్తే వరుసలు అవే వస్తాయి, గ్రూపులో చేరడం మాత్రం మీ చేతుల్లో ఉంటుంది. ఎక్కువమంది పొరబడేది తర్వాతి మెట్టులో. గ్రూపు మార్పు మళ్లీ లాగిన్ అయితే కానీ పట్టదు. టెర్మినల్‌లో యూలిమిట్ హైఫన్ ఆర్ కొడితే 95 కనిపించాలి. 0 వస్తే మీరు రాసింది ఇంకా అమల్లోకి రాలేదన్నమాట.

మెమ్‌లాక్ ఎందుకంటే, శబ్దం లెక్కకట్టే కోడ్ వాడే మెమరీ పేజీ డిస్కులోకి స్వాప్ అయి ఉంటే, దాన్ని వెనక్కి తెచ్చేలోపు పీరియడ్‌లు చాలా దాటిపోతాయి. లాక్ చేసిన పేజీ ర్యామ్ దాటి పోదు. స్వాపినెస్‌ను, అంటే కెర్నల్ ఎంత తొందరగా స్వాప్‌కు దిగుతుందన్న అంకెను, 60 నుంచి 10కి తగ్గించమనే సలహా ఇదే భయంనుంచి పుట్టింది, కానీ పెద్ద శాంపుల్ లైబ్రరీలు ర్యామ్‌ను నింపేసినప్పుడే అది అక్కరకు వస్తుంది.

ప్రయారిటీల వరుసకూ ఒక తర్కముంది. ఇంటరప్ట్‌లు థ్రెడ్‌లుగా మారినప్పుడు అన్నింటికీ 50 ఇస్తారు. వైఫైకీ సౌండ్ కార్డుకూ ఒకే అంకె ఉంటే, వైఫై ముందు వస్తే సౌండ్ కార్డు వేచి ఉండాలి. అందుకే ఆర్‌టీఐఆర్‌క్యూ అనే స్క్రిప్టు సౌండ్ కార్డు థ్రెడ్‌ను 90 దాకా పెంచుతుంది. సౌండ్ సర్వర్ దానికి కొంచెం కింద ఉండాలి. పైప్‌వైర్ తనంతట తాను 88 అడుగుతుంది, ఆ వరుసలో అది సరిగ్గా కుదురుతుంది. యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ అయితే సౌండ్ పేరుతో వెతికితే దొరకదు. పెంచాల్సింది దాన్ని మోసే ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలరు థ్రెడ్‌ను. ఒకే కంట్రోలరుమీద బయటి డిస్కు కూడా ఉంటే ఆ గౌరవం దానికీ దక్కుతుంది, అందుకే వేర్వేరు కంట్రోలర్ల పోర్టులకు మార్చడం ఒక్కోసారి ఏ స్క్రిప్టుకంటేనైనా మేలు.

వైరులో పోయే కాలం

ఇప్పటిదాకా శబ్దం సంగతి. మిడి అంటే శబ్దం కాదు, ఏ మీటను ఎంత బలంగా నొక్కారో చెప్పే చిన్న సందేశం. 1983లో వచ్చిన ఈ ప్రమాణం అయిదు పిన్నుల వైరుమీద సెకనుకు 31,250 బిట్లు పంపుతుంది. ఒక బైటుకు ముందొక బిట్, వెనకొక బిట్ కలిపి 10 బిట్లు, అంటే 320 మైక్రోసెకన్లు. నోట్ ఆన్ సందేశానికి 3 బైట్లు కావాలి కాబట్టి 0.96 మిల్లీసెకను.

పది వేళ్లతో ఒకేసారి నొక్కిన పది స్వరాలు వైరుమీద వరుసకట్టి వెళ్లాలి. చివరిది చేరేసరికి 9.6 మిల్లీసెకన్లు. రన్నింగ్ స్టేటస్ అనే పొదుపు పద్ధతిలో మొదటి బైటును మళ్లీమళ్లీ పంపరు, అప్పుడు 21 బైట్లు, 6.72 మిల్లీసెకన్లు. ఇది వైరు గుణం. ఏ కెర్నలూ దీన్ని మార్చలేదు. ఒకే వైరుమీద డ్రమ్ములు, బేస్, పాడ్ అన్నీ పంపి, పైగా స్వరాన్ని వంచే పిచ్ బెండ్ సందేశాలు వరదలా పోస్తే డ్రమ్ములు వెనకబడతాయి. దానికి మందు లినక్స్ సెట్టింగ్ కాదు, రెండో మిడి పోర్టు.

యూఎస్‌బీ మిడికి ఈ వేగపు ఇబ్బంది లేదు కానీ దానికి దానిదే లయ. ఫుల్ స్పీడ్ పరికరాన్ని కంప్యూటరు 1 మిల్లీసెకను ఫ్రేమ్‌లలో పలకరిస్తుంది, హై స్పీడ్ పరికరాన్ని 125 మైక్రోసెకన్ల మైక్రోఫ్రేమ్‌లలో. పలకరింపు మధ్యలో నొక్కిన మీట తర్వాతి పలకరింపు దాకా ఆగాలి. అక్కడ ఒక మిల్లీసెకను దాకా తడబాటు పుట్టుకతోనే ఉంటుంది.

తడబాటు అసలు పుట్టేచోటు

ఒక మిల్లీసెకనును పట్టించుకోకపోయినా ఫరవాలేదు. పెద్ద తడబాటు పుట్టేది సాఫ్ట్ సింథ్ లోపల, మిడి సందేశాన్ని శబ్దపు పీరియడ్‌లో ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం దగ్గర. లినక్స్‌లో మిడి మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడివే అయినా, కెర్నల్ మీద జరిగే చర్చలో పదోవంతు కూడా దీనిమీద జరగదు.

సింథ్ పీరియడ్‌కు ఒక్కసారే మేల్కొంటుంది. 1024 ఫ్రేమ్‌ల పీరియడ్ అయితే 21.33 మిల్లీసెకన్లకు ఒకసారి. ఆ నిద్రలో వచ్చిన స్వరాలన్నీ వరుసలో ఎదురుచూస్తాయి. లేచిన సింథ్ వాటన్నింటినీ పీరియడ్ మొదట్లోనే వాయించేస్తే ఏమవుతుందో చూద్దాం. సింథ్ నిద్రపోగానే వచ్చిన స్వరం 21.33 మిల్లీసెకన్లు ఆగింది. సింథ్ లేవబోతుండగా వచ్చిన స్వరం అసలు ఆగలేదు. రెండు పీరియడ్‌ల బఫర్‌లో ఆపైన రెండింటికీ మరో పీరియడ్ పడుతుంది. ఒకదానికి మొత్తం 42.67, మరొకదానికి 21.33. నిమిషానికి 120 బీట్ల వేగంలో బీట్‌కు నాలుగో వంతు 125 మిల్లీసెకన్లు. అందులో 21.33 తేడా అంటే 17 శాతం. డ్రమ్ము వాయించినవాడి చేతిలో తప్పు లేకుండానే లయ పోయింది.

మందు విచిత్రంగా ఉంటుంది: ఆలస్యాన్ని పెంచడం. సందేశం వచ్చిన క్షణాన్ని టైమ్‌స్టాంప్‌గా రాసి పెట్టుకుని, సింథ్ లేచాక ఆ స్వరాన్ని పీరియడ్‌లో సరిగ్గా అంతే దూరంలో మొదలుపెడతారు. పీరియడ్‌లో 300వ ఫ్రేమ్ వేళకు వచ్చిన స్వరం తర్వాతి పీరియడ్‌లో 300వ ఫ్రేమ్ దగ్గరే మోగుతుంది. అప్పుడు ప్రతి స్వరానికీ ఆలస్యం 42.67 మిల్లీసెకన్లే, తడబాటు దాదాపు సున్నా. సగటున అర పీరియడ్ ఆలస్యం అదనంగా పెట్టి నిలకడ కొనుక్కున్నట్టు. బఫర్ 128కి తగ్గిస్తే అదే ఆలస్యం 5.33, టైమ్‌స్టాంప్ లేని దారిలో కూడా తడబాటు 2.67కు మించదు. చిన్న బఫర్ మిడి లయను బాగుచేసినట్టు అనిపించడానికి కారణం ఇదే. అది రోగాన్ని కుదించిందే తప్ప తీయలేదు.

ఇప్పుడు ఏ దారి ఏం చేస్తుందో చూడాలి. ఆల్సాలో మిడికి రెండు ద్వారాలున్నాయి. రామిడి పచ్చి బైట్లను ఉన్నవి ఉన్నట్టు ఇస్తుంది. సీక్వెన్సర్ వాటిని సందేశాలుగా విడగొట్టి, కావాలంటే క్యూలో టైమ్‌స్టాంప్‌తో పెట్టి, ఎన్ని ప్రోగ్రాంలకైనా పంచుతుంది. జాక్ మిడిలో ప్రతి సందేశం వెంట పీరియడ్‌లో దాని ఫ్రేమ్ స్థానం ఉంటుంది. సీక్వెన్సర్ నుంచి జాక్‌లోకి తెచ్చే వంతెన ఆ క్షణాన్ని ఫ్రేమ్‌గా మారుస్తుందా, లేక అన్నింటినీ సున్నా దగ్గర కుప్పపోస్తుందా అన్నదే ప్రశ్న. ఏటూజేమిడిడి అనే పాత వంతెన మారుస్తుంది, అందుకే దాన్ని ఇప్పటికీ వదలనివారున్నారు. పైప్‌వైర్‌కు వంతెన లోపలే ఉంది. ఒక సింథ్ నేరుగా ఆల్సా సీక్వెన్సర్‌నుంచి మిడి తీసుకుని శబ్దాన్ని మాత్రం జాక్‌కు ఇస్తుంటే అనుమానించాల్సింది ముందు దాన్నే. అనుమానం తీర్చుకోవడం తేలిక. సీక్వెన్సర్ నుంచి సమానంగా స్వరాలు పంపి, సింథ్ శబ్దాన్ని రికార్డు చేసి, తరంగాలమధ్య దూరాలు కొలవండి. బఫర్‌ను 128 నుంచి 1024 చేసినప్పుడు ఆ దూరాలు చెదిరితే టైమ్‌స్టాంప్ ఎక్కడో రాలిపోతోంది.

బయటి యంత్రం తెరమీద ఊగే టెంపో

కంప్యూటర్ నుంచి డ్రమ్ మెషీన్‌కు టెంపో చెప్పే మిడి క్లాక్ పంపితే దాని తెరమీద 120 నిలవదు, 119, 121 అని ఊగుతుంది. క్లాక్‌లో బీట్‌కు 24 టిక్కులు. 120 దగ్గర టిక్కుకూ టిక్కుకూ దూరం 20.83 మిల్లీసెకన్లు. యూఎస్‌బీ ఒక టిక్కును 1 మిల్లీసెకను ఆలస్యం చేసిందనుకోండి. ఆ ఒక్క దూరాన్నే చూసి లెక్కకడితే టెంపో 114.5 అని తేలుతుంది. వెంటనే వచ్చే టిక్కు సమయానికే వస్తే దూరం 19.83కు కుదించుకుపోయి 126 అని చూపిస్తుంది. మంచి యంత్రాలు చాలా టిక్కుల సగటు తీసుకుంటాయి కాబట్టి ఊగుడు ఒకటికి తగ్గుతుంది. తెరమీది ఆ అంకె ఊగినంతమాత్రాన లయ చెడినట్టు కాదు. అసలు తేడా టిక్కులు గుంపులుగా వచ్చినప్పుడు: పీరియడ్‌కు ఒకసారి మేల్కొని తనకు పేరుకున్న టిక్కులన్నీ ఒకేసారి వదిలే ప్రోగ్రాం 1024 ఫ్రేమ్‌ల దగ్గర ఒకసారి రెండు టిక్కులు, మరోసారి ఒకటీ పంపుతుంది. దాన్ని ఏ సగటూ నయం చేయలేదు. క్లాక్ పంపే ప్రోగ్రాం సందేశాలను ఆల్సా క్యూలో టైమ్‌స్టాంప్‌తో ముందే పెడుతుంటే కెర్నల్ టైమర్ వాటిని వేళకు వదులుతుంది.

టిక్కుమంటే ఎవరిని పట్టుకోవాలి

పైప్‌వైర్‌తో వచ్చే పీడబ్ల్యూ-టాప్ ఈ విచారణకు మంచి సాక్షి. అందులో బీ-బై-క్యూ అన్న నిలువు వరుస, పీరియడ్ గడువులో ఎంత భాగం లెక్కలకే ఖర్చయిందో చెబుతుంది. ఈఆర్‌ఆర్ అన్నది ఎక్స్‌రన్‌ల లెక్క.

బీ-బై-క్యూ 0.85 దగ్గర తిరుగుతూ ఈఆర్‌ఆర్ పెరుగుతుంటే పని ఎక్కువైంది. ఆర్‌టీ కెర్నల్ ఇక్కడ ఏమీ చేయలేదు. ప్లగిన్లు తగ్గించాలి, ట్రాకులను ఆడియోగా మార్చి పెట్టుకోవాలి, లేదా బఫర్ పెంచాలి. బీ-బై-క్యూ 0.15 దగ్గర నిదానంగా ఉండీ ఈఆర్‌ఆర్ పెరుగుతుంటే, పని తక్కువే, కానీ పనివాణ్ణి ఎవరో సమయానికి లేపడం లేదు. ప్రయారిటీలు, ఇంటరప్ట్‌లు, కెర్నల్ గురించి పైన చెప్పిందంతా ఈ రెండో కేసుకే. ఒకే ఒక్క ప్రోగ్రాం వరుసలో ఈఆర్‌ఆర్ పెరుగుతుంటే తప్పు ఆ ప్రోగ్రాందే, సిస్టమంతా తిరగేయనక్కర్లేదు.

మధ్యలో ఒక తికమక కేసుంది. సీపీయూ వేగాన్ని నిర్ణయించే గవర్నరు పని తక్కువగా ఉందని వేగాన్ని 3.2 గిగాహెర్ట్జ్ నుంచి 800 మెగాహెర్ట్జ్‌కు దించితే, 20 శాతం గడువు తీసుకున్న లెక్క 80 శాతం తీసుకుంటుంది. చూసేవారికి పని ఎక్కువైనట్టు కనిపిస్తుంది. గవర్నరును పర్ఫార్మెన్స్‌కు మారిస్తే తేలిపోతుంది. వేగం ఎక్కువగా పెడితే వేడెక్కి ఫ్యాను మోగుతుంది, పక్కనే మైకుంటే ఆ హోరు రికార్డవుతుంది. అందుకే దీన్ని శాశ్వతంగా పెట్టడం కంటే సెషన్‌కు మాత్రమే పెట్టుకోవడం మేలు. సీపీయూ గాఢనిద్ర స్థితులదీ ఇదే తంతు. లోతైన స్థితినుంచి లేవడానికి వందల మైక్రోసెకన్లు పట్టొచ్చు. సీపీయూ-డీఎంఏ-లేటెన్సీ అనే డివైస్ ఫైలును తెరిచి 0 రాసి, మూయకుండా పట్టుకున్నంతసేపు కెర్నల్ ఆ లోతుకు వెళ్లదు. మూసిన మరుక్షణం యథాప్రకారం.

పాత పంచాంగాలు

వెతికితే దొరికే ట్యూనింగ్ చిట్కాల్లో చాలావాటికి కాలం చెల్లింది. హెచ్‌పెట్ అనే హార్డ్‌వేర్ టైమరు గరిష్ఠ వాడుకదారు ఫ్రీక్వెన్సీని 64 నుంచి 3072కు పెంచమనేది అందులో ప్రసిద్ధమైనది. ఒకప్పుడు కెర్నల్ టిక్కు సెకనుకు 250 అయితే మిడి సీక్వెన్సర్ 4 మిల్లీసెకన్ల మెట్లలో నడిచేది, అందుకే బయటి గడియారాలు కావలసివచ్చేవి. 2007లో 2.6.21 కెర్నల్‌తో హై రిజల్యూషన్ టైమర్లు వచ్చాక ఆ మెట్లు పోయాయి. ఆల్సా సీక్వెన్సర్‌కు ఇప్పుడు హెచ్‌ఆర్‌టైమరు మాడ్యూల్ ఉంటే చాలు. హెచ్‌పెట్‌ను నేరుగా తెరిచే పాత ప్రోగ్రాం మీ దగ్గర లేకపోతే ఆ వరుస రాసినా రాయకపోయినా ఒకటే.

సౌండ్ సర్వర్‌ను పూర్తిగా తీసేసి జాక్ పెట్టమనేదీ అలాంటిదే, కాకపోతే దానిలో ఇంకా ప్రాణముంది. పైప్‌వైర్ ఒకే సర్వరుతో బ్రౌజరునూ స్టూడియో ప్రోగ్రాంలనూ మోస్తుంది, క్వాంటమ్‌ను అవసరాన్ని బట్టి మారుస్తుంది. ఆ మార్పే చిక్కు తెస్తుంది: మామూలుగా 1024 దగ్గర ఉండి, ఎవరో తక్కువ అడిగితే తగ్గుతుంది, వారు వెళ్తే పెరుగుతుంది. వాయిస్తుండగా చేతికింద ఆలస్యం మారినట్టనిపిస్తే కారణం అదే కావచ్చు. పీడబ్ల్యూ-మెటాడేటా కమాండుతో సెట్టింగ్స్‌లోని క్లాక్ ఫోర్స్-క్వాంటమ్ విలువను 128 చేస్తే అది అక్కడే బిగుసుకుంటుంది, 0 ఇస్తే మళ్లీ వదులవుతుంది. దాంతోపాటు ఇంటర్‌ఫేస్ ప్రొఫైలును ప్రో ఆడియోకు మారిస్తే మధ్యలోని ఛానెల్ అమరికలు, మిక్సరు హంగులు తప్పుకుంటాయి. జాక్ పక్షం వారి వాదనేమంటే, ఒక్క కార్డు, ఒక్క రేటు, మారని పీరియడ్ అన్న క్రమశిక్షణే మేలనీ, కదిలే భాగాలు తక్కువైతే చెడేవీ తక్కువేననీ. ఒకే పనికి కట్టుబడిన యంత్రానికి ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది. అదే యంత్రంలో మీటింగులూ మిక్సింగూ నడిపేవారికి పైప్‌వైర్ ఇచ్చే సౌకర్యం ముందు ఆ తేడా చిన్నది.

కెర్నల్‌కు కనపడని దొంగ

ఇన్ని చేసినా కొన్ని ల్యాప్‌టాప్‌లు అరగంటకోసారి టిక్కుమంటాయి. సిస్టం మేనేజ్‌మెంట్ ఇంటరప్ట్ అనేదాన్ని బోర్డు ఫర్మ్‌వేర్ వాడుకుని, బ్యాటరీనో వేడినో చూసుకోవడానికి సీపీయూను లాక్కుంటుంది. ఆ సమయంలో కెర్నలే ఆగిపోతుంది కాబట్టి ఏ ప్రయారిటీ దాన్ని గెలవదు. హెచ్‌డబ్ల్యూలాట్‌డిటెక్ట్ అనే ప్రోగ్రాం ఈ ఖాళీలను పట్టిస్తుంది. వందల మైక్రోసెకన్ల ఖాళీలు మళ్లీమళ్లీ కనిపిస్తే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చూడాలి, బయాస్‌లో పవర్ సెట్టింగ్‌లు మార్చి చూడాలి. అవీ పనిచేయకపోతే ఆ ఖాళీకంటే పెద్ద బఫర్ పెట్టుకుని, పాడేటప్పుడు తమ గొంతును ఇంటర్‌ఫేస్‌లోని డైరెక్ట్ మానిటరింగ్ మీట ద్వారా కంప్యూటరును తాకకుండానే వినాలి. అలా వింటే 1024 ఫ్రేమ్‌ల బఫర్ కూడా గాయకుడికి అడ్డురాదు.